విండోస్ 10 ఆగిపోయిన కంప్యూటర్‌లో జోరిన్ ఓఎస్ 18 వేసుకోవడం ఎలా

2025 అక్టోబర్ 14న కంప్యూటర్ వాడేవాళ్లకు రెండు సంగతులు ఒకేసారి ఎదురయ్యాయి. 2015 జులై నుంచి మన ఇళ్లలో, దుకాణాల్లో, బడుల్లో నడుస్తూ వచ్చిన విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆ రోజుతో ఆగిపోయాయి. అదే రోజు జోరిన్ ఓఎస్ 18 అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలైంది. మొదటి సంగతి అందరి చెవినా పడింది. రెండోది కొద్దిమందికే తెలిసింది.

అప్పటి నుంచి హనుమకొండ చౌరస్తా దగ్గరున్న మా మరమ్మతు దుకాణానికి సీపీయూ చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న. "అన్నా, ఇది విండోస్ 11 తీసుకోదని చూపిస్తోంది. ఇక పాత సామాన్లకు వేసేయడమేనా?"

వేయకండి. ఆ పెట్టె బాగానే ఉంది, దానికి అందే సేవ ఆగింది, అంతే. సేవ అందించే వేరే వ్యవస్థ వేసుకుంటే ఇంకా కొన్నేళ్లు నిక్షేపంలా పనిచేస్తుంది. పిల్లల చదువుకని కొత్త కంప్యూటర్ కోసం అప్పు తెచ్చే ఇళ్లను రోజూ చూస్తున్నాను. ఆ అప్పు అక్కర్లేని చోట తప్పించాలనే ఇంత వివరంగా రాస్తున్నాను. తొందరపడకుండా ఒక ఆదివారం కేటాయించుకోండి.

అసలు ఇది ఏమిటో రెండు మాటల్లో. జోరిన్‌ను తయారు చేస్తున్నది ఐర్లాండ్‌లోని డబ్లిన్ నగరానికి చెందిన ఆర్ట్యోమ్, కిరిల్ జోరిన్ అనే అన్నదమ్ములు. తొలి కూర్పు 2009లో వచ్చింది. లోపల ఉన్నది లినక్స్, అంటే 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టి ప్రపంచం నలుమూలల వాళ్లు కలిసి పెంచినది. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను కూడా ఆ లినక్స్ పునాది మీదే నడుస్తోంది. జోరిన్ 18ను ఉబుంటు అనే మరో లినక్స్ వ్యవస్థ 24.04 కూర్పు మీద కట్టారు కాబట్టి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఇందులో కోర్ అనే కూర్పు ఉచితం, ప్రో అనే కూర్పుకు డబ్బు కట్టాలి. ఇంటి పనికి కోర్ చాలు. లినక్స్‌లో మింట్, ఉబుంటు లాంటివి ఇంకా చాలా ఉన్నాయి, అవీ మంచివే. విండోస్‌కు అలవాటుపడిన కన్నుకు జోరిన్‌లో తడబాటు తక్కువ కాబట్టి నేను దీన్ని ఎంచుకుంటున్నాను. కింద ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం, వైఫై గుర్తు, అన్నీ ఉండవలసిన చోటే ఉంటాయి.

ముందుగా, ఎవరు వేసుకోకూడదు

ఈ మాట చెప్పకుండా మిగతాది చెప్పడం అన్యాయం.

ఎనుమాముల మార్కెట్‌లో లెక్కలు రాసే ఒక గుమాస్తా తన కంప్యూటర్ తెచ్చి జోరిన్ వేయమన్నారు. తెరిచి చూస్తే అందులో పత్తి, మిర్చి సీజన్ల లెక్కలన్నీ ట్యాలీలో ఉన్నాయి. ట్యాలీ విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్. సగం సీజన్‌లో దాన్ని కదిలించడం మంచిది కాదని చెప్పి, ఉన్నదానికే దుమ్ము దులిపి పంపించాను. మీ రోజువారీ సంపాదన ట్యాలీ మీదో, ఫోటోషాప్ మీదో, పేజ్‌మేకర్ మీదో ఆధారపడి ఉంటే మీరూ ఆగండి. మీసేవ కేంద్రం నడిపేవాళ్లు, వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లు కూడా ఆగండి. ఆ పరికరాలతో వచ్చే డ్రైవర్లు, అంటే పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్లు, ఎక్కువగా విండోస్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

అలాంటివాళ్లకు ఇంకో దారి ఉంది. విండోస్ 10 వాడే ఇంటి వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం పెట్టింది. సెట్టింగులలో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే అందులో చేరే లంకె కనిపిస్తుంది. దానితో కొంత గడువు దొరుకుతుంది. ఆ గడువులో కొత్త యంత్రం గురించి ఆలోచించుకోవచ్చు.

మిగతావాళ్లు, అంటే బ్రౌజర్, వీడియోలు, వర్డ్, ఎక్సెల్ లాంటి పత్రాలు, పిల్లల చదువు, ఆన్‌లైన్ దరఖాస్తులు వీటితో సరిపోయేవాళ్లు నిస్సంకోచంగా ముందుకు రండి. ఈపాస్‌లో ఉపకారవేతనానికైనా, దోస్త్‌లో డిగ్రీ ప్రవేశానికైనా దరఖాస్తు చేసేది బ్రౌజర్‌లోనే. బ్రౌజర్ కింద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందన్నది ఆ పనికి అడ్డు రాదు.

మీ పెట్టెను ఒకసారి చూడండి

విండోస్‌లో సెట్టింగులు, సిస్టమ్, అబౌట్ అనే పేజీకి వెళ్లండి. ప్రాసెసర్ పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. ఐ5-7400 అని ఉందనుకోండి. గీత తర్వాతి 7 అంటే ఏడో తరం. 8400 అంటే ఎనిమిదో తరం. 10100 అంటే పదో తరం. 2021 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా అడుగుతుంది. మీది ఎనిమిదో తరం లేదా ఆపైదై ఉంటే, కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బయోస్ అనే సెట్టింగుల తెరలో టీపీఎం ఆపేసి ఉందేమో ముందు చూడండి. కొన్ని యంత్రాల్లో దాన్ని ఆన్ చేస్తే విండోస్ 11 మామూలుగానే ఎక్కుతుంది, ఈ శ్రమంతా అక్కర్లేదు.

జోరిన్‌కు అలాంటి పట్టింపులు లేవు. 64 బిట్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్ చాలని తయారీదారులు చెబుతారు. నా అనుభవంలో 2 జీబీతో బ్రౌజర్‌లో రెండు పేజీలు తెరవగానే ఊపిరి అందదు. 4 ఉండాలి, 8 ఉంటే హాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది డిస్కు. పాత కంప్యూటర్ నెమ్మదించిందని వచ్చేవాళ్లలో చాలామంది యంత్రాల్లో అసలు దోషి లోపల గిరగిరా తిరిగే హార్డ్ డిస్కే. దాని స్థానంలో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, పెట్టించండి. ఈ పని మొత్తంలో మీరు పెట్టాల్సిన ఖర్చు ఏదైనా ఉంటే అది ఇదే. దీనివల్ల ఇంకో మేలుంది. పాత డిస్కును విప్పి, దాని మీద పేరు, తేదీ రాసి బీరువాలో పెట్టేస్తే అందులోని విండోస్, ఫైళ్లు ఎక్కడివక్కడే భద్రంగా ఉంటాయి. కొత్త ఎస్‌ఎస్‌డీలో జోరిన్ వేసుకోవచ్చు. నచ్చకపోతే పాత డిస్కు తిరిగి బిగించుకోవచ్చు.

మూత తీసినప్పుడు దుమ్ము కూడా దులపండి. గోదావరిఖని నుంచి వచ్చే సీపీయూలు తెరిస్తే ఫ్యాను రెక్కల మీద నల్లని పొర చేతికి అంటుకుంటుంది. బొగ్గు గనుల ఊళ్లలో ఇది మామూలే. మెత్తని కుంచెతో ఫ్యాను శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాయించండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, దాని పేరు సీఆర్2032. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మీ కంప్యూటర్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోందంటే ఆ బ్యాటరీ అయిపోయినట్టే. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు, అన్నిటికీ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. దీన్ని వైరస్ అనుకుని భయపడి వచ్చినవాళ్లు ఎందరో. బ్యాటరీ మార్చడం ఐదు నిమిషాల పని.

బ్యాకప్: ఇక్కడ తొందర వద్దు

పరకాల వైపు నుంచి ఒక ఉపాధ్యాయుడు వచ్చారు. ఇంట్లో తానే లినక్స్ వేసుకున్నారు. ఇన్‌స్టాలర్ అడిగిన చోట "డిస్కు చెరిపి ఇన్‌స్టాల్ చేయి" అన్నదాన్ని ఎంచుకున్నారు. చెరిగేది సీ డ్రైవ్ ఒక్కటే అనుకున్నారు. ఫోటోలన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని ధైర్యం. కానీ సీ, డీ అనేవి ఒకే డిస్కును రెండు గదులుగా పంచిన గోడలు మాత్రమే. డిస్కు చెరిపేయమంటే గోడలతో సహా అంతా పోతుంది. కూతురి పెళ్లి ఫోటోలు అందులో ఉన్నాయి. మూడు రోజులు కూర్చుని కొన్ని బయటికి తీయగలిగాం, చాలా పోయాయి. ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది.

కాబట్టి ఈ పనులన్నీ వరుసగా చేయండి. బయటి హార్డ్ డిస్కు ఒకటి తెచ్చుకోండి, లేదా బంధువుల దగ్గర అడిగి తీసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లను, డీ డ్రైవ్‌ను, ఈ డ్రైవ్ ఉంటే దాన్నీ పూర్తిగా కాపీ చేయండి. కాపీ అయ్యాక ఆ డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, పది ఫైళ్లు ఇష్టం వచ్చినట్టు ఎంచి తెరిచి చూడండి. ఫైలు పేరు కనిపించినంత మాత్రాన లోపలిది బాగున్నట్టు కాదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు మీ ఖాతాతో సింక్ అవుతున్నాయో లేదో చూసుకోండి. వైఫై పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ అనే డిస్కు తాళం ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కూడా కాగితం మీదికి ఎక్కించండి, ఆ పొడవైన సంఖ్య లేకపోతే మీ డిస్కు మీకే తలుపు తీయదు.

డీటీపీ ఫైళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కంటే, అంటే ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్య ఇచ్చే ఇప్పటి పద్ధతి కంటే, పాతవి. ఫైలులో నిజంగా ఉన్నది తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలు. వాటికి తెలుగు ముఖం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే "శుభలేఖ" ఉండాల్సిన చోట కొమ్ములు, చుక్కలు, డాలరు గుర్తులు బారులు తీరి కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందని జనం అనుకుంటారు. చెడిపోలేదు, చదివించే ఫాంటు లేదు. అందుకని విండోస్ ఇంకా పని చేస్తుండగానే ముఖ్యమైన ఇలాంటి ఫైళ్లన్నీ పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే కూర్చుంటుంది, ఎక్కడ తెరిచినా తెలుగే కనిపిస్తుంది. మళ్లీ దిద్దుకోవాల్సిన పత్రాలైతే, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో మార్చి వర్డ్ ఫైలుగా దాచండి. మార్చాక ఒత్తులను ఒకటికి రెండుసార్లు చదివి చూడాలి, అక్కడే తప్పులు దొర్లుతాయి.

పెన్ డ్రైవ్ తయారీ

8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్ డ్రైవ్ కావాలి. అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. జోరిన్ సొంత వెబ్‌సైటులోనే కోర్ కూర్పును డౌన్‌లోడ్ చేయండి, ఇంకెవరో పంపిన లంకెతో వద్దు. ఆ ఫైలు మూడు గిగాబైట్లు దాటుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను ప్లాన్‌తో ఒక రోజులో దిగదు, బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంట్లో కూర్చోండి.

దిగిన ఫైలు సరైనదో కాదో తేల్చుకోవడానికి ఎస్‌హెచ్‌ఏ256 అనే పొడవాటి సంకేతాన్ని సైటులో ఇస్తారు. కంప్యూటర్‌లో 7-జిప్ ఉంటే ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి అదే పేరున్న అంశాన్ని ఎంచండి, ఒక సంకేతం వస్తుంది. రెండూ ఒకటేనా చూడండి. మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు పోల్చినా సగం దిగి ఆగిపోయిన ఫైలు దొరికిపోతుంది.

తర్వాత బలేనా ఎచర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ఫైలు చూపించి, పెన్ డ్రైవ్ చూపించి, ఫ్లాష్ నొక్కండి. ఆ జాబితాలో మీ బ్యాకప్ డిస్కు కూడా కనిపించవచ్చు. దాన్ని ముందే ఊడదీసి పక్కన పెడితే పొరపాటుకు తావే ఉండదు.

వేయకముందే నడిపి చూడండి

లినక్స్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన సౌకర్యం ఇది. డిస్కును ముట్టుకోకుండా పెన్ డ్రైవ్ మీది నుంచే మొత్తం వ్యవస్థను నడిపి చూడవచ్చు.

పెన్ డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవో యంత్రాల్లో ఎక్కువగా ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9. ఆసుస్ మదర్‌బోర్డుల్లో ఎఫ్8, గిగాబైట్ బోర్డుల్లో ఎఫ్12. తెర వెలగకముందు నుంచే వేలితో టకటకా నొక్కుతూ ఉండండి, ఒక్కసారి నొక్కి ఊరుకుంటే కుదరదు. జాబితాలో పెన్ డ్రైవ్ పేరు ఎంచాక జోరిన్ మెనూ వస్తుంది. మొదటి వరుసే చాలు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానికోసం వేరే వరుస ఉంది. తెర నల్లగా ఉండిపోతే సేఫ్ గ్రాఫిక్స్ అనే వరుసతో మళ్లీ మొదలుపెట్టండి.

తర్వాత ఇన్‌స్టాలా, ట్రై చేస్తారా అని అడుగుతుంది. ట్రై అనండి. అక్కడి నుంచి కనీసం అరగంట దాన్ని పరీక్షించండి. వైఫై కలుస్తోందా? ఒక పాట పెట్టి శబ్దం వినండి. ల్యాప్‌టాప్ అయితే కెమెరా, వెలుతురు తగ్గించే మీటలు, మూత మూసి తెరిస్తే మేలుకోవడం చూడండి. ప్రింటర్ తగిలించి ఒక కాగితం తీయండి. పెన్ డ్రైవ్ మీద నడుస్తోంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్నిబట్టి తీర్పు చెప్పవద్దు.

వైఫై కనిపించకపోతే నిరాశపడకండి. ఫోనును డేటా కేబుల్‌తో తగిలించి, ఫోను సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఆ క్షణమే ఇంటర్నెట్ వస్తుంది. దాని ద్వారా కావలసిన డ్రైవర్‌ను తర్వాత తెప్పించుకోవచ్చు.

ప్రింటర్ల విషయంలో ముందే తెలిసి ఉండాల్సింది ఒకటుంది. ఇంకు ట్యాంకు ఉన్న ఎప్సన్ ఎల్ శ్రేణి ప్రింటర్లు సాధారణంగా తగిలించగానే పలుకుతాయి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి హెచ్‌పీలిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు ఒక ప్లగిన్ కూడా దించుకోవాలి, అది లేకపోతే యంత్రం కనిపిస్తుంది కానీ కాగితం కదలదు. జిరాక్స్ సెంటర్లలో ఎక్కువగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900కి క్యాప్ట్ అనే ప్రత్యేక డ్రైవర్ కావాలి, దాన్ని లినక్స్‌లో నిలబెట్టడం కొత్తవాళ్లకు కష్టం. రోజుకు వంద కాగితాలు ఆ ప్రింటర్ మీదే తీసే దుకాణమైతే ఇక్కడే ఆగి, విండోస్‌ను ఉంచేయండి.

ఇన్‌స్టాల్ చేయడం

నిజానికి ఇది అన్నిటికంటే చిన్న పని. ఇరవై నిమిషాలు పడుతుంది. కరెంటు పోయే సమయం కాకుండా చూసుకోండి, యూపీఎస్ ఉంటే తగిలించండి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి.

డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ గుర్తు మీద రెండుసార్లు నొక్కండి. భాష, కీబోర్డు అడుగుతుంది. కీబోర్డు ఇంగ్లీషే ఉంచండి, తెలుగు తర్వాత చేరుద్దాం. అప్‌డేట్ల పేజీలో గ్రాఫిక్స్, వైఫై కోసం ఇతరుల సాఫ్ట్‌వేర్ కూడా వేయమనే గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టండి. సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు ఉన్న యంత్రంలో అక్కడే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. పెట్టి కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ అయ్యాక నీలి తెర ఒకటి వచ్చి ఆ పాస్‌వర్డే అడుగుతుంది. చాలామంది ఆ నీలి తెర చూసి పాత విండోస్ నీలి తెర గుర్తొచ్చి బెదిరిపోతారు. అందులో ఎన్‌రోల్ అన్నది ఎంచి పాస్‌వర్డ్ ఇస్తే సరిపోతుంది.

అసలు ప్రశ్న డిస్కు పేజీలో వస్తుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టి పాత డిస్కు విప్పేసి ఉంటే, మొత్తం చెరిపి వేయమని నిశ్చింతగా చెప్పండి. ఒకే డిస్కు ఉండి విండోస్ కూడా కావాలంటే, దాని పక్కనే వేయమనే మొదటి ఎంపిక తీసుకోండి. దానికి ముందు విండోస్‌లోనే రెండు పనులు చేసి రావాలి: డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను కుదించి కనీసం 60 జీబీ ఖాళీ చేయడం, పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయడం. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు, దాని డ్రైవ్‌లను జోరిన్ వైపు నుంచి రాయనివ్వదు. "సంథింగ్ ఎల్స్" అనే ఎంపిక జోలికి మొదటిసారే వెళ్లవద్దు.

కాలమండలం అడిగినప్పుడు కోల్‌కతా ఉంటుంది, మన సమయం అదే. పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ వేసుకోవాలన్నా, అప్‌డేట్ చేయాలన్నా ఈ పాస్‌వర్డే అడుగుతుంది కాబట్టి ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. పూర్తయ్యాక పెన్ డ్రైవ్ తీసేయమంటుంది. తీసి ఎంటర్ నొక్కండి.

తెలుగు రాయించడం

మొదట సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ తెరిచి వచ్చినవన్నీ వేయండి. ఆ తర్వాత నేను ఎవరి కంప్యూటర్‌లోనైనా చేసే మొదటి పని తెలుగు చేర్చడం.

సెట్టింగులు తెరిచి కీబోర్డ్ పేజీకి వెళ్లండి. ఇన్‌పుట్ సోర్సెస్ కింద ప్లస్ గుర్తు నొక్కి తెలుగు అని వెతకండి. ఉత్త తెలుగు అని ఉన్నది ఇన్‌స్క్రిప్ట్, భారతీయ భాషలకు ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన అమరిక. దాన్ని చేర్చండి. ఇక విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే ఇంగ్లీషు తెలుగుగా మారుతుంది, మళ్లీ నొక్కితే తిరిగి ఇంగ్లీషు.

ఇన్‌స్క్రిప్ట్ అనగానే జనం జంకుతారు. జంకవలసింది లేదు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ఇప్పుడే ఒకసారి చేసి చూడండి. బి, జే, ఎక్స్, ఐ, ఎన్, డి అనే ఆరు మీటలు వరుసగా నొక్కండి. వ, ర, సున్న, గ, ల, పొల్లు. తెర మీద "వరంగల్" అని వస్తుంది. ఇప్పుడు ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. "తెలుగు" అని వస్తుంది. డి మీటే పొల్లు. ఒత్తు కావాలంటే రెండు హల్లుల మధ్య దాన్ని నొక్కాలి: కే, డి, కే నొక్కితే "క్క". రోజుకు అరగంట చొప్పున రెండు వారాలు కూర్చున్న పిల్లలు చూడకుండా కొడుతున్నారు. ఇదే అమరికను నేర్చుకుంటే రేపు హిందీ కూడా ఇవే వేళ్లతో వస్తుంది, ఎందుకంటే క ఎప్పుడూ కే మీదే ఉంటుంది.

ఇంగ్లీషు అక్షరాలతో "amma" తరహాలో రాసే అలవాటు మానలేనివాళ్లకు ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ ఉంది. సాఫ్ట్‌వేర్ కేంద్రంలో దొరకకపోతే టెర్మినల్, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీ, ద్వారా వేయించుకోవాలి. అందులో తెలుగుకు ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ లాంటి పద్ధతులు ఉంటాయి.

ఫాంట్ల విషయానికొస్తే నోటో సాన్స్ తెలుగు చదవడానికి బాగుంటుంది. శీర్షికలకు రామభద్ర, పత్రాలకు మండలి, ఇంకా ఎన్‌టీఆర్, మల్లన్న, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లను సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసింది, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఫైలు దించి రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అంటే అయిపోయింది. పత్రాలు రాసుకునే లిబ్రె ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి రామభద్రలో మీ ఊరి పేరు పెద్దగా టైపు చేసి చూడండి. అను ఫాంట్ల కోసం పడిన తంటాలు ఒక్కసారి గుర్తొస్తాయి.

మొదటి నెల

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను లిబ్రె ఆఫీస్ తెరుస్తుంది, తిరిగి అదే రూపంలో దాస్తుంది. మామూలు ఉత్తరాలు, మార్కుల పట్టికలు, బిల్లులు చక్కగా వస్తాయి. మాక్రోలు, అంటే పనులను తామే చేసే చిన్న ప్రోగ్రాములు, ఉన్న పెద్ద ఎక్సెల్ ఫైళ్లు మాత్రం అటూ ఇటూ అవుతాయి. కార్యాలయానికి పంపే పత్రమైతే పీడీఎఫ్‌గా పంపండి.

వాట్సాప్ లాంటివి బ్రౌజర్‌లో తెరిచి, జోరిన్‌లో వెబ్ యాప్స్ అనే సాధనంతో డెస్క్‌టాప్ మీద ప్రత్యేక గుర్తుగా పెట్టుకోవచ్చు. విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్ ఫైలు మీద నొక్కితే, దానికి బదులుగా లినక్స్‌లో ఏముందో జోరిన్ చాలాసార్లు తానే సూచిస్తుంది. కొన్నిటిని వైన్ అనే పొర ద్వారా నడుపుతుంది కూడా. చిన్న చిన్న పాత సాఫ్ట్‌వేర్లు అలా నడుస్తాయి. వైన్‌ను నమ్ముకుని ట్యాలీ దుకాణాన్ని మాత్రం మార్చవద్దని మళ్లీ చెబుతున్నాను.

సాఫ్ట్‌వేర్లను ఎక్కడెక్కడి సైట్ల నుంచో దించుకునే అలవాటు ఇక్కడ మానేయాలి. జోరిన్ సాఫ్ట్‌వేర్ కేంద్రంలోనే వెతకండి. టెర్మినల్‌లో ఎవరో ఇచ్చిన ఆజ్ఞను అర్థం కాకుండా అతికించవద్దు, ముఖ్యంగా అది పాస్‌వర్డ్ అడిగితే.

ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్ అయితే, వాళ్లు రోజూ తెరిచే నాలుగు గుర్తులు మాత్రం కింది పట్టీలో పెట్టి, మిగతావి తీసేయండి. జోరిన్ అప్పియరెన్స్ అనే సాధనంలో తెర అమరికను పాత విండోస్ పోలికలోకి మార్చవచ్చు. అక్షరాల పరిమాణం పెంచండి. మొదటి వారం వాళ్ల పక్కన కూర్చోండి. మా దుకాణానికి తిరిగి వచ్చిన జోరిన్ యంత్రాల్లో ఎక్కువ వాటికి జబ్బేమీ లేదు. బ్రౌజర్ గుర్తు వేరుగా ఉండటంతో ఇంటర్నెట్ పోయిందనుకుని తెచ్చినవే.

బీరువాలో పెట్టిన పాత డిస్కును ఆరు నెలల దాకా ముట్టుకోకండి. ఏదో ఒక రోజు ఒక మార్కుల మెమోనో, భూమి కాగితం స్కానో అందులోనే ఉందని గుర్తొస్తుంది. జోరిన్ పెన్ డ్రైవ్‌ను కూడా చెరిపేయకుండా, దారం కట్టి, "జోరిన్ 18" అని చీటీ అంటించి ఆ డిస్కు పక్కనే ఉంచండి. ఎప్పుడైనా కంప్యూటర్ తెరుచుకోకపోతే అదే పెన్ డ్రైవ్ మీద నడిపి, ట్రై ఎంచి, లోపలి ఫైళ్లను బయటికి తీసుకోవచ్చు. పక్కింటివాళ్ల విండోస్ 10 యంత్రానికి కూడా అదే పనికొస్తుంది.